విన్‌హర్స్ట్, వయా గిండీ

గిండీలో మా ఆఫీసు ఎనిమిదో అంతస్తు.
అక్కడ కూర్చుని నాలుగేళ్లుగా
నేనో ఊరికి పోయొస్తున్నాను.
ఇంగ్లండులో, కొండ నెత్తిన,
విన్‌హర్స్ట్ అని, నూట పన్నెండు గడపలు.

ఇళ్ల బీమా మాది.
గాలికి లేచిపోయిన కప్పు పలకలు
చలికి గడ్డకట్టి పగిలిన పైపులు
పొగగొట్టంలో కాకులు పెట్టిన కాపురాలు
అన్నీ ముందు నా బల్ల మీదికే వస్తాయి.
నంబరు చెబితే చాలు,
ఏ గోడ ఏ రాయో చెప్పేస్తాను.
పదహారో నంబరు మూడు వందల ఎనభై ఏళ్లది.
వాకిలి ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు.
తల వంచకుండా లోపలికి పోగలిగేదాన్ని
ఆ ఊరు మొత్తానికి నేనొక్కదాన్నేనేమో.

ఆ ఇంటావిడ మిసెస్ పెటిఫర్.
మంచు పడితే బొగ్గుల లారీ పైకి రాదట,
కింద చర్చి దగ్గరే దించి పోతాడట.
నష్టం వివరాలు అడిగితే
వీధి వాలు గురించి చెబుతుంది.
కాల్‌కి ఆరు నిమిషాలే మాకు.
అయిదో నిమిషంలో ఓసారి అడిగింది:
"మీ వైపు కొండలున్నాయా, అమ్మాయ్?"
"ఒకటుంది. నా కిటికీలోంచి కనిపిస్తుంది."
"పైనుంచి ఏం కనబడుతుంది?"

లైను బాగానే ఉంది.
నేనే మాట్లాడలేదు.

ఆదివారం పరంగిమలకి పోయాను.
మా ఫ్లోరు తుడిచే అమలోర్పవం అక్క తోడొచ్చింది,
ఆమె ఇల్లు కొండ కిందే.
మెట్టు మెట్టుకీ ఓ మాట.
ఇది కొడుకు జ్వరం తగ్గినప్పుడు మోకాళ్లతో ఎక్కినది,
ఇది ఆయన తాగి పడిపోయినది.
నేను లెక్కపెడుతున్నాను, పెటిఫర్‌కి చెప్పాలి కదా.
నూట ఇరవై దగ్గర అక్క గసపెడుతూ కూలబడింది,
నీళ్ల సీసా తీసేసరికి లెక్క తప్పింది.

పరంగి.
మా అమ్మమ్మ బొప్పాయిని పరంగికాయ అనేది.
ఇక్కడ కూరల బండివాడు గుమ్మడికాయని అంటాడు.
ఓడ దిగిన ప్రతిదానికీ అదే పేరు పెట్టి
తోటలో కాస్త చోటిచ్చి
పులుసులో వేసేసుకున్నాం.

పైన గాలి.
అలవాటు చావదు, ముందు కప్పులే చూశాను.
కాపలావాడి గది పెంకుల్లో ఏడు కొత్తవి,
ఒకటి జారింది, తుఫాను కాదు, కోతి.
తర్వాత మా ఆఫీసు కోసం వెతికాను.
అక్కడినుంచి ఈ కొండ నా అరచేయంత.
ఇక్కడినుంచి మా ఎనిమిది అంతస్తులూ
అగ్గిపెట్టెలో ఒక పుల్ల.
మధ్యలో రన్‌వే.
విమానం ఒకటి మా కాళ్ల కిందినుంచి లేచి
మా కళ్ల ఎదురుగా పోయింది.
అక్క చెయ్యి ఊపింది, దానికి తెలిసినట్టు.

దిగేటప్పుడు తుప్పల్లో ఒక సమాధి రాయి.
సిపాయి బిడ్డ. ఏడాది నాలుగు నెలలు.
ఊరి పేరు సగం అరిగి
చివర 'హర్స్ట్' మిగిలింది.
ఒళ్లు జల్లుమనలేదు.
హర్స్ట్‌లు అక్కడ బోలెడు,
పిన్‌కోడ్లన్నీ నా దగ్గరే ఉన్నాయి.
అక్క మాత్రం కొంగుతో రాయి తుడిచి
"పాపం, తడుస్తుందే" అంది.
ఆకాశం చూశాను. వాన లేదు.

సోమవారం రెండున్నరకి
చెప్పాల్సినవన్నీ చీటీ మీద రాసుకుని కూర్చున్నాను:
విమానం కింద, మనం పైన.
మెట్లు నూట ముప్పై పైచిలుకు.
మా దగ్గరా లారీ పైదాకా రాదు, కానీ ఆటో వస్తుంది.

విన్‌హర్స్ట్ ఫోల్డరు తెరుచుకోలేదు.
టీమ్ లీడర్ చెప్పాడు, శుక్రవారమే
ఆ జిల్లా మొత్తం మనీలాకి ఇచ్చేశారట.
నాకు వేరే ఊళ్లు వచ్చాయి.
సముద్రపు ఒడ్డు, చదును, ఎటు చూసినా బురద.
తలుపులన్నీ ఆరడుగుల ఆరు.

మనీలాలో ఎవరో అమ్మాయి
ఈపాటికి హెడ్‌ఫోను పెట్టుకునుంటుంది.
దాని కిటికీలో ఏముందో.
అయిదో నిమిషం దాకా ఆగితే
పెటిఫరే అడుగుతుంది.